జీవపు డంబం: ఒకడి గొప్ప ఇంకొకడి కంట్లో ఆశ ఎలా అవుతుంది

"రోజులు అస్సలు బాగోలేవండీ" అని మొదలయ్యే ప్రసంగం విననివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. ఆ తర్వాత ఏం వస్తుందో కూడా మనకి కంఠతా వచ్చు, ఫోన్లు, బట్టలు, సినిమాలు, పెద్దల మాట వినని పిల్లలు, ఆ పైన రెండో తిమోతి 3వ అధ్యాయం, చివర్లో అంత్యదినాలు అని ఒక నిట్టూర్పు. అవి అబద్ధాలని నేను అనట్లేదు. కానీ అంతా విన్నాక కూడా నాకు ఒక డౌట్ అలాగే మిగిలిపోయేది. గర్వం అనేది మనిషి లోపల ఉండే జబ్బు కదా, ఆశలు కూడా ఎవడివి వాడివే కదా, మరి ఒకడి గుండెలో ఉన్నది బయటికొచ్చి ఊరినీ దేశాన్నీ ఎలా పాడుచేస్తుంది, ఏ దారిన వస్తుంది? దీనికి జవాబు బైబిల్లో మొదటి యోహాను పత్రిక 2:16లో, లోకంలో ఉన్నదంతా ఇదే అని మూడు పేర్లు చెప్పిన చోట ఉందని నా ఉద్దేశం. కాకపోతే ఆ వచనాన్ని మనం ఎంత స్పీడుగా చదివేస్తామంటే, శరీరాశ నేత్రాశ జీవపు డంబం అని ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తాం, మూడూ కలిసి ఒకే మాటలాగా వినిపిస్తుంది, "చెడ్డ కోరికలు" అని ఒక సంచిలో పడేసి ముందుకెళ్ళిపోతాం. ఆ మూడింటిని విడదీసి చూస్తే తప్ప విషయం అర్థం కాదు.

ముందు "లోకం" అనే మాట సంగతి తేల్చుకుందాం, సగం గందరగోళం అక్కడే ఉంది. యోహాను సువార్త 3:16లో దేవుడు లోకాన్ని ఎంతో ప్రేమించాడు. యోహాను పత్రికకి వచ్చేసరికి ఈ లోకాన్నీ లోకంలో ఉన్నవాటినీ ప్రేమించొద్దు అంటాడు. గ్రీకులో రెండుచోట్లా ఉన్నది ఒకే మాట, కోస్మోస్. దేవుడు ప్రేమిస్తే తప్పులేదు, మనం ప్రేమిస్తే తప్పా? ఈ కోస్మోస్ అంటే అమరిక, ఒక వరసలో సర్దిపెట్టింది అని. అలంకరణకి కూడా గ్రీకువాళ్ళు ఇదే మాట వాడేవాళ్ళు, మొదటి పేతురు 3:3లో స్త్రీల అలంకారం గురించి చెప్పినచోట ఉన్నది ఇదే, కాస్మెటిక్స్ అనే మాట పుట్టింది కూడా ఇక్కణ్ణుంచే. అంటే లోకం అన్నప్పుడు ఒక అర్థం మనుషులు, వాళ్ళ కోసమే యేసు ప్రాణం పెట్టాడు. ఇంకో అర్థం ఆ మనుషులు దేవుణ్ణి పక్కన పెట్టేసి తమలో తాము చేసుకున్న అమరిక, ఎవడు పెద్ద ఎవడు చిన్న, ఎవడికి కుర్చీ వెయ్యాలి ఎవణ్ణి గుమ్మం దగ్గరే ఆపాలి అని మార్కులు వేసే పద్ధతి. ప్రేమించొద్దన్నది ఆ రెండోదాన్ని. ఇది పట్టుకోకపోతే పాపం చాలామంది పాటలు, చదువు, మంచి భోజనం, ఉద్యోగంలో పైకెళ్ళడం, వీటన్నిటినీ లోకం అనుకుని వదిలేస్తారు, అసలు లోకాన్ని మాత్రం భద్రంగా సంఘం లోపలికే తెచ్చుకుంటారు, ముందు వరసలో ఎవరు కూర్చోవాలి అనే రూపంలో. యాకోబు 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి సీటు, మాసిన బట్టలవాడికి కాళ్ళ దగ్గర చోటు అని రాసింది బయట సమాజం గురించి కాదు, ఆరాధనకి కూడుకున్న చోటు గురించే.

ఇప్పుడు శరీరాశ. ఇక్కడ ఆశకి ఉన్న గ్రీకు మాట ఎపితూమియా. దానికదే చెడ్డ మాట కాదు. లూకా 22:15లో యేసు తన శిష్యులతో, నేను శ్రమపడకముందు మీతో కలిసి ఈ పస్కా పండగ భోజనం తినాలని ఎంతో ఆశపడ్డాను అంటాడు, అక్కడ ఉన్నది ఈ మాటే, పైగా రెండుసార్లు ఉంది. ఆశపడటమే పాపమైతే ఆ వాక్యం రాయడానికే కుదరదు. శరీరం కూడా చెడ్డది కాదు, దేవుని వాక్యమైన క్రీస్తు శరీరధారి అయ్యాడని నమ్మేవాళ్ళం మనం. ఇంకో సంగతి, పౌలు గలతీ 5లో శరీర కార్యాలు అని లిస్టు రాస్తే మనం మొదటి మూడు చదివి ఆగిపోతాం, వ్యభిచారానికి సంబంధించినవి కాబట్టి. ఆ లిస్టులో దాదాపు సగం ద్వేషాలు, కలహాలు, మత్సరాలు, క్రోధాలు, కక్షలు, భేదాలే. వాటి మీద ఎన్ని ప్రసంగాలు విన్నారో గుర్తు తెచ్చుకోండి.

శరీరాశ గురించి నేను చెప్పాలనుకున్నది ఒకటే, దానికి ఒక హద్దు ఉంది. ఆకలేస్తే తింటాం, కడుపు నిండితే ఇంక వద్దంటాం. నిద్ర కూడా అంతే. శరీరం అలిసిపోతుంది, జబ్బు చేస్తుంది, ముసలిదవుతుంది, చాలు అని అదే చెప్పేస్తుంది. శరీరం కోసం చేసే పాపాలు ఘోరమైనవే, కొంపలు కూల్చేవే, కానీ శరీరాశ ఒక్కటే అయితే దానికి ఎక్కడో ఒకచోట అలుపు ఉండేది.

కంటికి అలుపు లేదు. చూడటంవల్ల కన్ను తృప్తిపడదు అని బైబిల్లో ప్రసంగి అనే పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఉంది, సామెతలు 27:20 అయితే మనుషుల కంటిని పాతాళంతో పోల్చి రెండిటికీ తృప్తి లేదంటుంది. నేత్రాశ అంటే చాలామంది ఆడవాళ్ళని చూడటం అనే ఒక్క అర్థమే తీసుకుంటారు, దావీదు మేడ మీద నుంచి చూసిన చూపు అందులోదే, కాదనను. కానీ నాకు ఈ మాట అర్థమైంది ఆకాను దగ్గర, యెరికో పట్టణం కూలినప్పుడు దేవుడు ముట్టుకోవద్దన్న సొమ్ము దొంగిలించినవాడు. యెహోషువ 7:21లో అతను ఒప్పుకున్న మాటలు చూడండి, దోపుడుసొమ్ములో ఒక మంచి షీనారు పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మీ చూశాను, ఆశపడ్డాను, తీసుకున్నాను. చూశాను, ఆశపడ్డాను, తీసుకున్నాను. హెబ్రీలో ఈ మూడు క్రియలూ ఆదికాండం 3:6లో హవ్వ పండు దగ్గర ఉన్నవే, అదే వరసలో. ఆ వచనంలో కూడా పండు తినడానికి మంచిది, కంటికి అందమైనది, వివేకమిస్తుంది అని మూడు కారణాలున్నాయి, యోహాను చెప్పిన మూడూ అక్కడే వరసగా నిలబడి ఉన్నాయి. సరే, ఆకాను ఏం చేశాడు? గుడారం లోపల గొయ్యి తవ్వి పాతిపెట్టాడు. ఆ బట్ట ఒక్కరోజు కూడా కట్టుకోలేదు, కట్టుకునే అవకాశమే లేదు, కట్టుకుంటే దొరికిపోతాడు. శరీరానికి దానివల్ల ఒరిగింది సున్నా. అయినా తీసుకున్నాడు, ఎందుకంటే కంటికి కావాల్సింది వాడుకోవడం కాదు, అది నాది అవ్వడం. ఇంక అతని గుడారంలో పాతిపెట్టినదానికి రేటు కట్టింది ఎవరయ్యా అంటే, అతని పాపంవల్ల ఇశ్రాయేలు ఓడిపోయిన హాయి ఊరి యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని 36 మంది. వాళ్ళకి ఆ బట్ట రంగేంటో కూడా తెలియదు.

మూడోది జీవపు డంబం, మనం అందరికంటే తక్కువ పట్టించుకునేది. ఇక్కడ జీవం అంటే ప్రాణం అనుకుంటారు. ప్రాణానికి, నిత్యజీవానికి యోహాను వాడే గ్రీకు మాట జోయె. ఇక్కడున్నది అది కాదు, బియోస్. బియోస్ అంటే బతుకుతెరువు, బతకడానికి చేతిలో ఉన్న సొమ్ము. లూకా 15లో చిన్న కొడుకు వాటా అడిగితే తండ్రి పంచిపెట్టింది బియోస్. ఇదే పత్రికలో ఇంకొంచెం ముందుకెళ్తే 3:17లో, ఈ లోకపు జీవనోపాధి ఉండి కూడా అక్కరలో ఉన్న సోదరుణ్ణి చూసి మనసు మూసుకునేవాడి గురించి రాశాడు, ఆ జీవనోపాధి కూడా బియోసే. కాబట్టి జీవపు డంబం అంటే ఉన్నదాంతో డాబు చెయ్యడం. డంబం అన్నచోట గ్రీకులో అలజోనెయా అని ఉంది. అలజోన్ అనేవాడు గ్రీకు హాస్యనాటకాల్లో ఒక పాత్ర, గొప్పలు పోయేవాడు. క్రీస్తుకి ముందు 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ ఇలాంటివాణ్ణి వర్ణిస్తూ రాసినవి చదివితే నవ్వొస్తుంది, తర్వాత భయమేస్తుంది. వాడు రేవులో నిలబడి కొత్తవాళ్ళతో నా డబ్బు ఎంత సముద్రం మీద ఉందో తెలుసా అని చెప్తుంటాడు. అద్దె ఇంట్లో ఉంటూ, తెలియనివాళ్ళతో ఇది మా తాతల నాటి ఇల్లు, కాకపోతే వచ్చే చుట్టాలకి సరిపోవట్లేదు, అమ్మేద్దామనుకుంటున్నా అంటాడు. 2300 ఏళ్ళ కిందటి మనిషి! ఫోన్ ఒక్కటే తక్కువ వాడికి. అందుకే ఫోన్లవల్లే మనుషులు చెడిపోయారు అంటే నాకు పూర్తిగా నమ్మకం కుదరదు, ఫోన్ ఆ రేవుని జేబులోకి తెచ్చింది, అంతే.

ఈ మూడోదానికీ మొదటి రెండిటికీ ఉన్న తేడా ఏంటంటే, దీనికి ఎదుటి మనిషి కావాలి. ఒంటరి దీవిలో ఉన్నవాడికి ఆకలి ఉంటుంది, మెరిసే రాయి కనిపిస్తే తీసి దాచుకోవాలనీ ఉంటుంది, డంబం మాత్రం కుదరదు, చూసేవాడు లేడు కదా. డంబం అంతా ఎదుటివాడి కళ్ళ మీద బతుకుతుంది. ఇప్పుడు ఈ మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి, నేను మొదట్లో అడిగిన ప్రశ్నకి దారి కనిపిస్తుంది. నా జీవపు డంబం అవతలివాడికి నేత్రాశ అవుతుంది. నేను చూపించాను, వాడు చూశాడు. వాడి కంట్లో పడ్డది వాడి ఇంట్లోకి వచ్చేదాకా వాడికి నిద్ర పట్టదు, తీరా వచ్చాక వాడు చేసే మొదటి పని ఏంటి, ఇంకొకడికి చూపించడం. మళ్ళీ ఆ ఇంకొకడి కన్ను. ఇదే చక్రం. గర్వం ఒకడి లోపల జబ్బే, కానీ అంటుకునే జబ్బు, అంటుకునేది కళ్ళ ద్వారా. అప్పు చేసి పెళ్ళి చేసేవాడు ఎవరి కోసం చేస్తున్నాడు? తనకి ఆకలేసి కాదు, శరీరాశ ఆ లెక్కలోనే లేదు. లంచం తీసుకునేవాడు తినడానికి లేక తీసుకోవడం చాలా అరుదు, ఎక్కువమంది పక్కవాడి ఇల్లు చూసొచ్చి తీసుకుంటారు. మార్కులు తక్కువొచ్చిన పిల్లాడి మీద ఇంట్లో పెద్దలు అరిచే అరుపులో పిల్లాడి భవిష్యత్తు మీద బెంగ ఎంత, బంధువులకి ఏం చెప్పాలి అనేది ఎంత, నిజాయితీగా తూకం వేస్తే చాలామందిమి తలెత్తలేం.

దీన్ని బైబిల్లో ఎక్కడ చూడొచ్చు అంటే మొదటి రాజులు 21వ అధ్యాయం. నైతికంగా దిగజారడం అనే టాపిక్ మీద ఒకే ఒక్క కథ చెప్పమంటే నేను పాపంవల్ల అగ్నితో నాశనమైన సొదొమ పట్టణం కథ చెప్పను, నాబోతు ద్రాక్షతోట చెప్తాను. అహాబు ఇశ్రాయేలు రాజు. అతని రాజభవనం పక్కనే నాబోతు ద్రాక్షతోట. కూరతోట వేసుకుంటాను ఇవ్వు, బదులు ఇంకా మంచి తోట ఇస్తా, లేదంటే డబ్బిస్తా అన్నాడు, అడగడం పద్ధతిగానే అడిగాడు. నాబోతు ఇది పితరుల స్వాస్థ్యం, తాతల నాటి ఆస్తి, ఇవ్వను అన్నాడు. అహాబు ఏం చేశాడు? ఇంటికెళ్ళి మంచం మీద పడుకుని, ముఖం అటు తిప్పుకుని, అన్నం మానేశాడు. ఇక్కడిదాకా ఉన్నది నేత్రాశ మాత్రమే, అది అతన్ని చిన్నపిల్లాడిలా అలిగేలా చేసింది, అంతకుమించి ఏం చెయ్యలేకపోయింది. అప్పుడు అతని భార్య యెజెబెలు వచ్చి ఒక్క మాట అంది, ఇశ్రాయేలుకి ఇప్పుడు రాజువి నువ్వు కాదా? అంతే. తోట విషయం కాస్తా పరువు విషయం అయిపోయింది. ఆశ అలిగి పడుకుంది, డంబం లేచి నిలబడింది.

ఆ తర్వాత జరిగిన ప్రాసెస్ చూడండి, ఎంత నీట్ గా ఉంటుందో. రాజు ముద్ర వేసి లెటర్లు వెళ్ళాయి. ఊళ్ళో ఉపవాసం చాటించారు, అవును ఉపవాసమే, భక్తితో మొదలుపెట్టారు. నాబోతుని జనం ముందు కూర్చోబెట్టారు. ఇద్దరు సాక్షుల్ని తెచ్చారు, ఇద్దరు ఎందుకంటే ధర్మశాస్త్రం ప్రకారం ఒక్క సాక్షితో మరణశిక్ష వెయ్యకూడదు, రూల్ తప్పలేదు. దేవుణ్ణీ రాజునీ దూషించాడని కేసు. ఊరి బయటికి తీసుకెళ్ళి రాళ్ళతో కొట్టారు. ఇందులో ఆ ఊరి పెద్దలున్నారు, అధికారులున్నారు, సాక్షులున్నారు, రాళ్ళు విసిరిన మామూలు జనం ఉన్నారు. వీళ్ళలో ఒక్కడికైనా ఆ కూరతోట మీద ఆశ ఉందా? లేదు. ఒక్కడైనా ఆగి ఇదేంటి అన్నట్టు రాసి లేదు. సమాజం పాడవడం అంటే నా దృష్టిలో ఇది, ఒకడి కంట్లో మొదలైంది వాడి పరువుని తాకి, ఆ పరువు కాపాడటానికి కోర్టు, సాక్ష్యం, పెద్దరికం, భక్తి, అన్నీ లైన్లో నిలబడి పనిచెయ్యడం. అన్నీ ఉన్నాయి, ఏదీ కూలిపోలేదు, పైనుంచి చూస్తే అంతా చట్టప్రకారమే ఉంది. అహాబు మాత్రం తోటలోకి వెళ్ళేసరికి అక్కడ ఏలీయా ప్రవక్త నిలబడి ఉన్నాడు.

సొదొమ అన్నాను కాబట్టి ఒక్క మాట. సొదొమ పాపం అనగానే మనకి లైంగిక పాపం ఒకటే గుర్తొస్తుంది, ఆదికాండం 19లో ఉన్నది ఘోరమే, యూదా పత్రిక కూడా ఆ వైపే చూపిస్తుంది. కానీ యెహెజ్కేలు 16:49లో దేవుడే దాని దోషం ఏంటో చెప్తూ గర్వం, తిండి సమృద్ధి, ఏ చింతా లేని సుఖం, ఇవన్నీ ఉండి కూడా దీనులకీ దరిద్రులకీ సాయం చెయ్యకపోవడం అంటాడు, హేయక్రియలు ఆ తర్వాతి వచనంలో వస్తాయి. ముందు గర్వం, తర్వాత నిండిన కడుపు, తర్వాత మూసుకున్న చెయ్యి, ఆ తర్వాత మిగిలినవి. మనం చివరిదాన్ని మాత్రమే ప్రసంగాల్లోకి తెచ్చుకున్నాం, మొదటి మూడూ మన దగ్గర కూడా ఉన్నాయి కాబట్టేమో.

యూదా రాజు హిజ్కియా సంగతి ఇంకోరకం, అతను మంచివాడు, అదే బాధ. జబ్బు చేసి చావు దాకా వెళ్ళి, ఏడ్చి ప్రార్థిస్తే 15 ఏళ్ళ ఆయుష్షు పెరిగింది. బబులోను నుంచి రాయబారులు పరామర్శకి వచ్చారు. దేవుడు నన్ను ఎలా బాగుచేశాడో చెప్పడానికి అంతకన్నా మంచి ఛాన్స్ ఉంటుందా? అతను వాళ్ళని తీసుకెళ్ళి వెండి, బంగారం, సుగంధద్రవ్యాలు, పరిమళతైలం, ఆయుధశాల అన్నీ చూపించాడు, చూపించని వస్తువు ఒక్కటీ లేదని రాసి ఉంది. యెషయా ప్రవక్త వచ్చి అడిగింది కూడా సరిగ్గా అదే, నీ ఇంట్లో వాళ్ళు ఏమేం చూశారు? ఇతని డంబం వాళ్ళ కంటికి ఎక్కింది. చూపించినవన్నీ ఒకరోజు బబులోనుకి పోతాయి, నీ సంతానం కూడా పోతుంది అని ప్రవక్త చెప్తే హిజ్కియా ఏమన్నాడు, నా రోజుల్లో శాంతి ఉంటుంది కదా, మంచిదే. ఈ మాట చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది నాకు. క్రీ.పూ. 586లో యెరూషలేము కాలిపోయింది, చూపించినవాడికీ అది అనుభవించినవాళ్ళకీ మధ్య వందేళ్ళకి పైగా దూరం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి వెళ్ళిపోతే ఈ వ్యాసం కూడా ఆ "రోజులు బాగోలేవు" ప్రసంగమే అవుతుంది. నిజంగా రోజులు పాడైపోయాయా, అంటే ముందు బాగుండేవా? ప్రసంగి 7:10 చదవండి, ఈ రోజులకంటే ముందు రోజులు ఎందుకు మంచివి అని అడగొద్దు, ఆ ప్రశ్న జ్ఞానంతో వేసింది కాదు అంటాడు. క్రీ.శ. 410లో గోత్ జాతివాళ్ళు రోము నగరాన్ని దోచుకున్నప్పుడు అక్కడి పాత మతస్థులు ఇదంతా క్రైస్తవులవల్లే, పాత దేవుళ్ళని వదిలేసి దేశం చెడిపోయింది అన్నారు. దానికి జవాబుగా అగస్టీను అనే బిషప్ 22 భాగాల పెద్ద పుస్తకం రాశాడు, పదేళ్ళకి పైగా పట్టింది. అందులో ఆయన చేసిన తెలివైన పని ఏంటంటే వాళ్ళ సొంత చరిత్రకారుడు సల్లస్తునే సాక్షిగా పిలిచాడు, క్రీస్తు పుట్టకముందు రాసినవాడు, కార్తేజి అనే శత్రువు పోయాక భయం లేక రోమువాళ్ళు డబ్బుకీ అధికారానికీ మరిగి చెడిపోయారని అప్పుడే ఏడ్చినవాడు. అంటే ఏ తరం చూసినా ముందు తరమే మేలు అనే ఏడుపు ఉంది. తప్పులు పెరగలేదని నేను అనట్లేదు, కొన్ని పెరిగాయి, కొన్ని తగ్గాయి కూడా, మనిషిని మనిషి సంతలో అమ్మడం ఒకప్పుడు మామూలు వ్యాపారం, దాన్ని వాక్యం చూపించి సమర్థించిన క్రైస్తవులు కూడా ఉన్నారు. కాలం పాడైంది అనే మాటలో మనకి దొరికే సుఖం వేరే, ఆ మాట అంటున్నంతసేపు అనేవాడు కాలానికి బయట నిలబడినట్టు ఉంటుంది.

పౌలు ఈ సుఖాన్ని చాలా గట్టిగా పట్టుకున్నాడు. రోమా మొదటి అధ్యాయం రెండో సగం చదువుతుంటే చెడిపోయిన సమాజం మీద అంతకన్నా ఘాటుగా ఎవరూ రాయలేదనిపిస్తుంది, దేవుడు వాళ్ళని అప్పగించాడు, అప్పగించాడు, అప్పగించాడు అని మూడుసార్లు వస్తుంది. గమనించండి, అక్కడ దేవుని ఉగ్రత ఆకాశం నుంచి అగ్ని రూపంలో రాలేదు, వాళ్ళు కోరుకున్నదాన్నే వాళ్ళ చేతికిచ్చి వదిలేశాడు. ఇదంతా ఎక్కడ మొదలైందయ్యా అంటే 21వ వచనంలో, దేవుణ్ణి ఎరిగి కూడా మహిమపరచలేదు, కృతజ్ఞత చెప్పలేదు. ఇంత పెద్ద పతనానికి మొదటి మెట్టు థాంక్స్ చెప్పకపోవడం అంటే నమ్మబుద్ధి కాదు కానీ, డంబంతో కలిపి చూస్తే అర్థమవుతుంది, ఇచ్చినవాడి పేరు చెరిపేస్తేనే కదా ఉన్నదంతా నా గొప్ప అని చూపించుకునేది. చదివేవాడు అవునవును, ఎంత చెడిపోయారో అని తలూపుతూ 32వ వచనం దాకా వస్తాడు, అధ్యాయం తిప్పగానే, తీర్పు తీర్చే మనిషీ, నువ్వెవడివైనా సరే నీకు చెప్పుకోడానికి ఏం లేదు, అవే పనులు నువ్వూ చేస్తున్నావు అంటాడు పౌలు. వల వేసి, చేప నిండా లోపలికి వచ్చేదాకా ఆగి, అప్పుడు లాగాడు.

మరి భక్తి పెరిగితే ఈ డంబం తగ్గుతుందా? తగ్గదు, ఇల్లు మారుతుంది. 4వ శతాబ్దంలో ఎవాగ్రియస్ అని ఒకాయన, రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో పేరున్న మనిషి, అంతా వదిలేసి ఐగుప్తు ఎడారికి వెళ్ళి సన్యాసుల మధ్య ఉన్నాడు, 399లో చనిపోయాడు. మనిషిని పడగొట్టే తలంపులు ఎనిమిది అని ఆయన వరస రాశాడు, తిండిపోతుతనంతో మొదలవుతుంది, చివరి రెండూ వృథాతిశయం, గర్వం. ఈ రెండూ వేరు వేరు అని ఆయన చెప్పింది నాకు చాలా ఉపయోగపడింది. వృథాతిశయానికి చూసేవాళ్ళు కావాలి, పొగిడేవాళ్ళు కావాలి. గర్వానికి అది కూడా అక్కర్లేదు, నా మంచితనానికి నేనే కారణం, నాకు దేవుడి సాయం కూడా అవసరం లేదు అనుకుని, మిగిలిన సోదరుల్ని తెలివితక్కువవాళ్ళుగా చూస్తుంది. వృథాతిశయం ఉన్నవాడు పాపం ఇంకా మనుషుల మీద ఆధారపడి ఉన్నాడు, గర్వం వచ్చినవాడు ఆ అవసరం కూడా దాటేశాడు, అందుకే అది చివర్లో ఉంది. ఆయన ప్రభావం పడిన కాసియన్ అనే సన్యాసి ఇంకో మాట రాశాడు, వృథాతిశయం ఉల్లిపాయ లాంటిదని పెద్దలు చెప్పేవారట, ఒక పొర తీస్తే కింద ఇంకో పొర. మంచి బట్టలు వేసుకుని గొప్పపోతాం, మానేస్తే నేను సింపుల్ గా ఉంటానని గొప్పపోతాం.

నా సంగతే చెప్తాను. ఉపవాసం ఉన్న ఒకరోజు, సాయంత్రం దాకా ఎవరూ నన్ను ఏమైనా తింటావా అని అడగలేదు. ఆకలి కన్నా అదే ఎక్కువ బాధగా ఉందని నాకే తెలిసి సిగ్గేసింది, ఎవరో ఒకరు అడిగితే "లేదండీ, ఈరోజు ఉపవాసం" అని చెప్పాలి కదా. మత్తయి 6లో ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కో, తలకి నూనె రాసుకో అని యేసు ఎందుకన్నాడో ఆరోజు అర్థమైంది. నేనేం గొప్పవాణ్ణి కాదండీ, అంతా ఆయన కృపే అని చెప్పి, అయ్యో అలా అనకండి అని ఎవరైనా అంటారేమో అని ఆగి చూడటం కూడా ఆ ఉల్లిపాయలో పొరే. నేను ఎంత పాపినో అని మైకులో చెప్పే సాక్ష్యంలో పాపం భాగం పది నిమిషాలు, అందులో కూడా తానే హీరో, ఇది వినని సంఘం ఏదైనా ఉందా?

ఫిలిప్పీ 2వ అధ్యాయంలో పౌలు ఒక మాటల ఆట ఆడాడు, తెలుగులో అది కనబడదు. 3వ వచనంలో వృథాతిశయంతో ఏమీ చెయ్యొద్దు అన్నప్పుడు ఆ మాట కెనోదోక్సియా, అంటే ఖాళీ మహిమ, లోపల ఏమీ లేని గొప్ప. 7వ వచనంలో క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసుకున్నాడు అన్నప్పుడు ఆ క్రియ ఎకెనోసెన్, ఖాళీ చేసుకున్నాడు. రెండిటికీ మూలం ఒకటే, ఖాళీ. లోపల ఖాళీగా ఉండి నిండినట్టు కనిపించడానికి తిప్పలు పడేవాళ్ళు ఒకవైపు, నిండుగా ఉండి ఖాళీ చేసుకున్నవాడు ఇంకోవైపు. దీన్నిబట్టి తగ్గించుకోవడం అంటే మన గురించి మనం తక్కువ మాట్లాడుకోవడం కాదని తేలుతుంది, ఆయన ఎక్కడా నేను పనికిరానివాణ్ణి అని చెప్పుకోలేదు, తువ్వాలు నడుముకి కట్టుకుని కాళ్ళు కడిగి వచ్చి కూర్చున్నాక కూడా నన్ను బోధకుడని ప్రభువని పిలుస్తున్నారు, కరెక్టే అన్నాడు. ఆయన చూపు తన మీద లేదు, కడుగుతున్న కాళ్ళ మీద ఉంది. చక్రం తెగేది అక్కడే అనిపిస్తుంది నాకు, చూపించుకునే పని ఎవడో ఒకడు ఆపితే కనీసం ఒక కంటికి మేత తగ్గుతుంది.

బియోస్ అనే మాట ఇంకోచోట కూడా వస్తుంది, అది చెప్పకుండా ఆపలేను. మార్కు 12వ అధ్యాయం. యేసు దేవాలయంలో మాట్లాడుతూ ధర్మశాస్త్రం బోధించే శాస్త్రుల గురించి జాగ్రత్త అన్నాడు, నిలువుటంగీలు వేసుకుని తిరగడం, సంతల్లో వందనాలు, సమాజమందిరాల్లో ముందు సీట్లు, విందుల్లో మంచి చోటు, చూపించుకోడానికి పొడుగు ప్రార్థనలు, ఇంకా విధవరాళ్ళ ఇళ్ళు మింగేయడం. ఆ వెంటనే కానుకపెట్టె ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. డబ్బున్నవాళ్ళు చాలా వేస్తున్నారు. ఒక బీద విధవరాలు వచ్చి రెండు కాసులు వేసింది. యేసు శిష్యుల్ని దగ్గరికి పిలిచి చెప్పాడు, ఈమె అందరికంటే ఎక్కువ వేసింది, తన జీవనమంతా వేసేసింది అని. ఆ జీవనం అన్నచోట ఉన్నది బియోస్. వేరేవాళ్ళు డాబు చేసుకునే ఆ బియోస్ ఈమె చేతిలో రెండే కాసులు. ఆయన ఈ మాట శిష్యులతో అన్నాడే గానీ ఆమెని పిలిచి చెప్పినట్టు ఎక్కడా లేదు. ఎవరో చూశారని కూడా ఆమెకి తెలియకపోయి ఉండొచ్చు. పేరు కూడా రాయలేదు.